జ్వరం తగ్గింది... చూపెందుకు మసకేసింది?

వానాకాలం వచ్చిందంటే కళ్ళకలక రావడం మన యిళ్ళల్లో కొత్త సంగతి కాదు. 2023 జులై, ఆగస్టు నెలల్లో మన రాష్ట్రంలోనూ, దేశంలో యింకా చాలాచోట్ల కళ్ళకలక యిల్లిల్లూ తిరిగింది. పిల్లలు బడి మానేశారు. పెద్దలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసులకు వెళ్ళారు. వారం పది రోజుల్లో ఎవరి కళ్ళు వారికి బాగయ్యాయి. అందుకే కన్ను ఎర్రబడితే మనవాళ్ళు పెద్దగా కంగారుపడరు. "ఆ, కలకేలే! చుక్కలు వేసుకుంటే పోతుంది" అంటారు. నూటికి తొంభైసార్లు ఆ మాట నిజమే అవుతుంది కూడా.

కాని మిగిలిన కొద్దిసార్లలో ఒక రకం ఎరుపు వుంది. అది బయటి నుంచి వచ్చింది కాదు. కంటి లోపల పుట్టింది. అది రావడానికి కారణమైన సూక్ష్మజీవి కంటికి చేరిన దారి దుమ్ము కాదు, చేతిగుడ్డ కాదు, రోగి ఒంట్లోని నెత్తురే! పెద్ద జబ్బుచేసి ఆస్పత్రిలో చాలారోజులు వుండి, గండం గడిచి యింటికి వచ్చిన మనిషికి రెండు మూడు వారాల తరువాత యిది రావచ్చు. ఒంట్లో పాకిన బూజు కంటిని పట్టడం వల్ల వచ్చే ఈ శోథ గురించి ఈ వారం తెలుసుకుందాం. ఇది అరుదైన జబ్బు. కాని సకాలంలో గుర్తించకపోతే చూపు పోతుంది. గుర్తించడానికి డాక్టరుగారి తెలివితేటలతోపాటు మీరు చెప్పే ఒక్క మాట కూడా అవసరమవుతుంది.

ఎరుపంతా ఒకటి కాదు

ముందు మామూలు కళ్ళకలకకూ, దీనికీ తేడా తెలుసుకోవాలి. కళ్ళకలక కంటి పైపొరకు వచ్చే జబ్బు. సాధారణంగా ఒక కంటికి వచ్చి, ఒకటి రెండు రోజుల్లో రెండోదానికి పాకుతుంది. నీరు కారుతుంది, పుసి కడుతుంది. పొద్దున్న లేవగానే రెప్పలు అతుక్కుపోతాయి. ఇసక పడినట్టు గరగరలాడుతుంది. అయినా పుసి తుడిచేస్తే చూపు దాదాపు మామూలుగానే వుంటుంది. ఇంట్లో ఒకరికి వస్తే మరొకరికి అంటుకుంటుంది.

కంటి లోపలి శోథ తీరు వేరు. పుసి అంతగా వుండదు. ఎన్నిసార్లు తుడిచినా మసక పోదు. కళ్ళముందు దోమలు ఎగిరినట్టు, నల్లటి చుక్కలో దారపు పోగులో తేలినట్టు కనపడుతుంది. వెలుతురు చూడలేరు. కన్ను సలుపుతుంది. కొందరికి నొప్పి ఏమీ వుండదు. ఎరుపు కూడా స్వల్పమే. చూపు మాత్రం రోజురోజుకూ దిగిపోతుంది. నొప్పి లేదు గదా అని వూరుకోవడం యిక్కడే ప్రమాదం.

ఇంట్లోనే చేసుకోదగిన చిన్న పరీక్ష ఒకటి వుంది. అరచేత్తో ఒక కన్ను మూసి, గోడమీది కేలండరులో తేదీలు చదవండి. తరువాత రెండో కన్ను మూసి అవే తేదీలు చదవండి. అద్దాలు వాడేవారు అద్దాలతోనే చూడాలి. రెండు కళ్ళకూ తేడా కనిపిస్తే, ఆ తేడా తుడిచినా పోకపోతే, అది పైపొర సంగతి కాకపోవచ్చు.

బూజు కంటిదాకా వచ్చే మూడు దారులు

నిలవ పచ్చడి మీద తెల్లగా పట్టే బూజు, గోడమీద పట్టే బూజు, పుట్టగొడుగు, రొట్టె పొంగించే ఈస్టు - యివన్నీ ఒక జాతివే. శాస్త్రజ్ఞులు వీటిని శిలీంధ్రాలు అంటారు. డాక్టర్లు ఫంగస్ అంటారు. లక్షల రకాల్లో మనిషికి జబ్బు తెచ్చేవి కొన్ని వందలే. అవి కంటికి చేరడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటి దారి కంటి పైనుంచి. వరికోతల్లో కంకి గీసుకున్నా, నూర్పిళ్ళలో ఊక పడినా, ఫ్యాక్టరీలో గ్రైండింగు చేస్తుండగా ఇనుప రజను ఎగిరిపడినా నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర చీరుకుపోతుంది. దీన్ని కార్నియా అంటారు. ఆ గాయంలో బూజు నాటుకుంటే పుండు పడుతుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లు 1991 నుంచి 2000 దాకా పదేళ్ళపాటు తమ దగ్గరకు వచ్చిన బూజు పుండ్ల లెక్క తీసి 2002లో ప్రచురించారు. మొత్తం 1352 మంది. అందులో సగానికి పైగా కంటికి ఏదో ఒక దెబ్బ తగిలినవారే. ఎక్కువమంది 16 నుంచి 49 ఏళ్ళ లోపువారు, అంటే రెక్కలాడిస్తేగాని యిల్లు గడవని వయసువారు.

రెండో దారి ముక్కులోంచి. 2021లో కోవిడ్ రెండోసారి విజృంభించినప్పుడు మనల్నందరినీ భయపెట్టిన బ్లాక్ ఫంగస్ ఈ దారినే వచ్చింది. గాలిలోంచి ముక్కులోకి పోయి, ముక్కు పక్కనున్న బోలు గదుల్లో పెరిగి, అక్కడినుంచి కంటి గుంతలోకి పాకింది. ఆ ఏడాది జులై మూడో వారానికే దేశం మొత్తంమీద 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. 4 వేలమందికి పైగా చనిపోయారు. ఎందరికో ప్రాణం నిలబెట్టడానికి కన్ను తీసేయవలసి వచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వం 2021 మే నెలలో దీని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. విశాఖలో కె.జి.హెచ్.లో దీనికి చికిత్స జరిగింది.

మూడో దారి నెత్తురులోంచి. మనం ఈ వారం మాట్లాడుకుంటున్నది దీని గురించే. ఒంట్లో మరెక్కడో నెత్తురులోకి చొరబడిన బూజు, ప్రవాహంలో కొట్టుకువచ్చి కంటి లోపల దిగుతుంది. మొదట కంటి లోపలి రక్తనాళాల పొర వాస్తుంది. దాన్ని యువైటిస్ అంటారు. ముదిరి కన్నంతా వ్యాపిస్తే ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. ఎండాఫ్తాల్మైటిస్ అన్నిటిలో నెత్తురు దారిన వచ్చేవి నూటికి రెండు నుంచి ఎనిమిదే. మిగిలినవి దెబ్బల వల్ల, ఆపరేషన్ల వల్ల వస్తాయి. 2021లో బ్లాక్ ఫంగస్ గొడవలో పడి ఎవరూ అంతగా పట్టించుకోలేదు గాని, కోవిడ్‌తో ఆస్పత్రిలో వుండి వచ్చినవారిలో ఈ మూడో దారి జబ్బును కూడా మన దేశంలోని కంటి డాక్టర్లు చూశారు. వైద్య పత్రికల్లో రాశారు.

మూడు కాపలాలూ ఒక్కసారే పోతే...

కాండిడా అనే ఈస్టు రకం బూజు చాలామంది ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో, చర్మంమీద ఎప్పుడూ వుండేదే. మరి అందరికీ జబ్బు ఎందుకు రాదు? మన ఒంట్లో దానికి మూడు కాపలాలున్నాయి గనుక.

ఒకటి, పేగుల్లో వుండే మంచి బాక్టీరియా. అవి చోటంతా ఆక్రమించుకుని బూజును పెరగనివ్వవు. రెండు, చర్మం, పేగు గోడ. అవి లోపలికి దారి యివ్వవు. మూడు, నెత్తురులోని తెల్లకణాలు. దారి తప్పి లోపలికి వచ్చిన ఒకటీ అరా బూజు కణాలను అవి మింగేస్తాయి.

ఇప్పుడు ఒక పెద్ద జబ్బు మనిషిని ఆస్పత్రి మంచంమీద చూడండి. బలమైన యాంటీబయాటిక్స్ రోజుల తరబడి వాడారు. మంచి బాక్టీరియా కూడా చచ్చిపోయింది. మొదటి కాపలా పోయింది. మెడలోని పెద్ద నరానికి గొట్టం వేశారు. మూత్రానికి గొట్టం వేశారు. కడుపు ఆపరేషను జరిగింది. రెండో కాపలా పోయింది. చక్కెర వ్యాధి వుంది, స్టెరాయిడ్లు వాడారు, లేదా కేన్సరుకు మందు ఎక్కించారు. తెల్లకణాలు నీరసించాయి. మూడో కాపలా పోయింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ మందులు, ఆ గొట్టాలు ఆ రోజున ప్రాణం నిలబెట్టినవే. కోవిడ్‌తో ఆక్సిజను అవసరమైనవారికి స్టెరాయిడ్లు మేలు చేశాయని 2020లో పరీక్షలు తేల్చాయి. కాని ప్రతి మందుకూ ఒక బాకీ వుంటుంది. ఆ బాకీ ఒక్కొక్కప్పుడు కంటి దగ్గర వసూలవుతుంది.

కంటినే ఎందుకు పట్టుకుంటుంది?

కంటి గుడ్డు లోపల, చూపునిచ్చే రెటీనా పొర వెనకాల, కొరాయిడ్ అనే రక్తనాళాల పొర వుంది. దాని బరువుతో పోల్చి చూస్తే అక్కడ పారే నెత్తురు చాలా ఎక్కువ. కనుక నెత్తురులో తేలే బూజు అక్కడి సన్నని నాళాల్లో చిక్కుకోవడానికి అవకాశం ఎక్కువ.

మొదట అక్కడ తెల్లగా, దూదిపింజలాంటి చిన్న మచ్చ ఏర్పడుతుంది. ఈ దశలో రోగికి ఏమీ తెలియకపోవచ్చు. తరువాత అది రెటీనాను చీల్చుకుని, కంటి నడుమ నిండి వుండే విట్రియస్ అనే జిగట పదార్థంలోకి వస్తుంది. అక్కడ దూది వుండలుగా, దారానికి గుచ్చిన ముత్యాల్లాగా పెరుగుతుంది. రోగికి కనిపించే నల్లటి చుక్కలు, దారపు పోగులు వాటి నీడలూ, అక్కడికి చేరిన తెల్లకణాల నీడలూ.

విట్రియస్‌లో రక్తనాళాలు లేవు. కాబట్టి తెల్లకణాలు అక్కడికి ఆలస్యంగా చేరతాయి. మందు సంగతీ అంతే. నెత్తురుకూ కంటికీ మధ్య ప్రకృతి ఒక జల్లెడ పెట్టింది. నరానికి యిచ్చిన మందులన్నీ ఆ జల్లెడ దాటి రాలేవు. ఒంట్లో జ్వరం పూర్తిగా తగ్గి, రక్తపరీక్షలన్నీ బాగున్న మనిషికి కూడా కంట్లో బూజు మిగిలిపోయి వుండటానికి యిదొక కారణం.

కాండిడా కాస్త నిదానం. ఆస్పర్జిల్లస్ అనే మరో బూజు వుంది. అది చాలా వేగంగా పాకుతుంది. చూపుకు కేంద్రమైన మాక్యులా అనే చోటునే తరచు దెబ్బతీస్తుంది. అందుకే రోజుల లెక్క ముఖ్యం.

ఒక యింటి సంగతి

ఇదంతా ఆచరణలో ఎలా వుంటుందో తెలియడానికి ఒక యింటిని ఊహించుకోండి. గాజువాకలో ఒక కుటుంబం. యింటాయనకు యాభై రెండేళ్ళు, కంట్రాక్టరు దగ్గర ఫిట్టరు. పదేళ్ళుగా చక్కెర వ్యాధి. కడుపులో పేగు చిల్లిపడి ఆపరేషనయింది. పద్దెనిమిది రోజులు ఐ.సి.యు.లో వున్నాడు. యింటికి వచ్చిన రెండో వారంలో కుడికన్ను కొద్దిగా ఎర్రబడింది. "నీరసానికి అలా వుంటుందిలే" అనుకున్నారు. వీధి చివర మందుల షాపులో చుక్కలు తెచ్చి వేశారు. రెండు రోజులు ఎరుపు తగ్గింది. అయిదో రోజుకు టీవీలో మనుషుల ముఖాలు కనపడటం లేదన్నాడు. అప్పుడు భార్య వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది.

"ఏమ్మా, ఈ మధ్య మీ ఆయనకు పెద్ద జబ్బేమైనా చేసిందా?" అని డాక్టరు అడిగారు.

"చేసింది బాబూ. కడుపు కోశారు. చచ్చి బతికాడు. దానికీ కంటికీ సంబంధం ఏటి బాబూ?"

"సంబంధం వుందమ్మా. ఆస్పత్రి కాగితాలు తెచ్చావా?"

"కంటికి గదా అని తేలేదు బాబూ. బీరువాలో వున్నాయి."

ఆ బీరువాలోని కాగితంలోనే జబ్బుకు తాళంచెవి వుంది! డాక్టరుగారు అడిగారు కాబట్టి సరిపోయింది. ఓ.పి.లో రెండు వందలమంది క్యూలో నిలబడి వున్న రోజున, మనంతట మనమే చెప్పకపోతే ఆ ప్రశ్న అడగడానికి తీరిక దొరకకపోవచ్చు. రోగి చెప్పకపోతే కంటి లోపలి ఈ వాపు మరోరకం యువైటిస్‌లాగా కనపడవచ్చు. సూక్ష్మజీవులతో సంబంధం లేని ఆ యువైటిస్‌కు సరైన మందు స్టెరాయిడే. బూజుకు మాత్రం అది ఎరువు!

చుక్కల మందుతో చిక్కు

స్టెరాయిడ్ చుక్కలు ఎర్రకంటిని ఒకటి రెండు రోజుల్లో తెల్లగా చేస్తాయి. అందుకే అవంటే జనానికి మోజు. కాని అవి చేసే పని ఏమిటి? నిప్పు ఆర్పడం కాదు, పొగను ఆపడం. వాపును అణచివేస్తాయి. వాపు తెచ్చే తెల్లకణాలనూ అణచివేస్తాయి. కాపలావాడు నిద్రపోతే దొంగకు పండగే గదా! ఈ మాట నెత్తురు దారిన వచ్చిన బూజుకే కాదు, ఊక గీసుకుని పడిన పుండుకూ వర్తిస్తుంది.

కాబట్టి డాక్టరు చీటీ లేకుండా కంటి చుక్కలు కొనవద్దు. పక్కింటివారికి రాసిన మందు మీరు వేసుకోవద్దు. పోయినేడు మిగిలిన సీసా వాడవద్దు. కంటి చుక్కల సీసా మూత తీసిన తరువాత చాలావాటిని నెలరోజులకు మించి వుంచకూడదు. అయితే యిప్పటికే డాక్టరు రాసిన స్టెరాయిడ్ వాడుతున్నవారు ఇది చదివి హఠాత్తుగా మానేయవద్దు. అదీ ప్రమాదమే. వెళ్ళి అడగండి.

గ్లూకోజు సీసా మోజు

ఐ.సి.యు. ముఖం ఎరుగనివారికి కూడా ఈ జబ్బు రావడానికి మరో మార్గం వుంది. కాస్త నీరసంగా వుంటే చాలు, "ఒక సీసా ఎక్కించండి, సత్తువ వస్తుంది" అని అడిగే అలవాటు మనలో పాతుకుపోయింది. ఎక్కించేవారూ దొరుకుతారు. సీసా మంచిదో కాదో, గొట్టం కొత్తదో పాతదో, సూది గుచ్చినచోట స్పిరిటు రాశారో లేదో చూసేవారుండరు.

చండీగఢ్‌లోని పి.జి.ఐ. కంటి డాక్టర్లు 2000 సంవత్సరంలో కొందరు రోగుల సంగతి ప్రచురించారు. వారికి ఒకే ఒక్కసారి గ్లూకోజు ఎక్కించారు. ఆ ద్రవం కలుషితమై వుంటుందని డాక్టర్లు భావించారు. ఆ తరువాత వారికి కంటి లోపల బూజు పట్టింది. ఇంత నష్టానికి ఆ సీసాలో వున్న లాభం ఎంత? అర లీటరు 5 శాతం గ్లూకోజులో వుండేది 25 గ్రాములు. అయిదారు చెంచాల పంచదార వేసి నిమ్మరసం కలుపుకు తాగితే వచ్చే శక్తి అంతకు తక్కువ కాదు! నోటితో తాగగలిగిన మనిషికి నరం ద్వారా ఎందుకు? వాంతులు, విరేచనాలు ఎక్కువై నోట ఏమీ నిలవనప్పుడు, డాక్టరు అవసరమన్నప్పుడు, శుభ్రమైన ఆస్పత్రిలో సెలైన్ తప్పక పెట్టించుకోవాలి. సరదాకు మాత్రం కాదు.

డాక్టర్లు ఏం చేస్తారు?

ముందు కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కంటి వెనక భాగం చూస్తారు. నాలుగైదు గంటలు వెలుతురు భరించలేరు, దగ్గరి చూపు ఆనదు. కాబట్టి తోడుగా ఎవరినైనా తీసుకువెళ్ళండి. స్కూటరు మీద ఒంటరిగా వెళ్ళవద్దు. కన్ను లోపల కనపడనంత మసకగా వుంటే స్కానింగు చేస్తారు.

అనుమానం బలపడితే సన్నని సూదితో విట్రియస్ కొంచెం తీసి లేబరేటరీకి పంపుతారు. సూక్ష్మదర్శినిలో బూజు పోగులు కనపడితే అదే రోజు తెలుస్తుంది. పెంచి చూడాలంటే కొన్ని రోజులు, ఒక్కొక్కసారి వారాలు పడుతుంది. అందుకని డాక్టర్లు ఫలితం వచ్చేదాకా ఆగకుండానే చికిత్స మొదలుపెట్టడం కద్దు. కంగారుపడవద్దు.

ఫ్లూకొనజోల్, వొరికొనజోల్ అనే మందులు జల్లెడ దాటి కంట్లోకి బాగా చేరతాయి. వీటిని సాధారణంగా కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు వాడవలసి వుంటుంది. యాంఫోటెరిసిన్ అనే మందును నేరుగా కంట్లోకే ఇంజక్షనుగా యిస్తారు. మోతాదు 5 నుంచి 10 మైక్రోగ్రాములు మాత్రమే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలో వంతు! కంట్లో సూది అంటే గుండె ఝల్లుమంటుంది నిజమే. కాని ముందు మత్తు చుక్కలు వేస్తారు. రెప్పపాటులో అయిపోతుంది. బూజు ఎక్కువగా పట్టి వుంటే విట్రియస్‌ను తీసి శుభ్రం చేసే విట్రెక్టమీ ఆపరేషను చేస్తారు. అమెరికాలో రాబర్ట్ మాకెమర్ 1970లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఎన్నో కళ్ళను నిలబెట్టింది.

మరో ముఖ్య విషయం. కంట్లో బూజు కనపడిందంటే అది ఒకప్పుడు నెత్తురులో తిరిగిందన్నమాట. గుండె కవాటాల మీదా, మూత్రపిండాల్లోనూ దాగి వుండవచ్చు. కాబట్టి కంటి డాక్టరు మిమ్మల్ని జనరల్ డాక్టరు దగ్గరకు పంపితే, "కంటికి వస్తే గుండె పరీక్షలేమిటి?" అని విసుక్కోవద్దు.

కాండిడాను మచ్చ దశలోనే పట్టుకుంటే చాలామందికి మంచి చూపు నిలుస్తుంది. కన్నంతా నిండిన తరువాత వస్తే బూజును చంపగలిగినా పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి?

ఈ జబ్బుకు రెటీనా నిపుణులు కావాలి. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి వుంది. 1923లో మొదలైన కె.జి.హెచ్. వుంది. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 2006 నుంచి పనిచేస్తోంది. ఇంకా పెద్ద కంటి ఆస్పత్రులున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు, కొండ ప్రాంతాలవారు, ఒడిషా సరిహద్దువారు పెద్ద జబ్బులకు విశాఖే వస్తారు. నయమై తమ వూళ్ళకు వెళ్ళిపోతారు. కంటి బాధ మొదలయ్యేసరికి వారు విశాఖకు వందల కిలోమీటర్ల దూరంలో వుండవచ్చు. "వచ్చే నెల చెకప్పుకు వెళ్ళినప్పుడు చూపిద్దాం" అనుకుంటారు. అలా వాయిదా వేయవద్దు. దగ్గరలోని కంటి డాక్టరుకు ఆ రోజే చూపించి, అవసరమైతే వారి చీటీతో బయల్దేరండి.

ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసినవారు: ఐ.సి.యు.లో రోజుల తరబడి వుండి వచ్చినవారు, కడుపు ఆపరేషను అయినవారు, అదుపులేని చక్కెర వ్యాధి వున్నవారు, కేన్సరుకు మందు ఎక్కించుకుంటున్నవారు, మూత్రపిండం మార్పిడి జరిగినవారు, మెడలో గొట్టంతో డయాలసిస్ చేయించుకుంటున్నవారు. ఉద్దానం ప్రాంతపు కుటుంబాలు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో పెరిగిన పసిబిడ్డలు తమ బాధ చెప్పలేరు. వారి కళ్ళు డాక్టరు చెప్పిన తేదీకి తప్పకుండా చూపించాలి.

కొన్ని సందేహాలు

ఇది అంటువ్యాధా? ఇంట్లో పిల్లలున్నారు.

కాదు. నెత్తురు దారిన వచ్చిన ఈ జబ్బు చూపువల్ల గాని, తువ్వాలువల్ల గాని అంటుకోదు. రోగిని వేరుగా వుంచనక్కరలేదు.

ఒక కంటికి వచ్చింది. రెండోదానికి వస్తుందా?

రావచ్చు. నెత్తురు రెండు కళ్ళకూ పారుతుంది గదా! కాబట్టి బాగున్న కంటిని కూడా పరీక్ష చేయించాలి.

ఆస్పత్రిలో వుండి వచ్చిన ప్రతివారూ కళ్ళు పరీక్ష చేయించుకోవాలా?

అవసరం లేదు. చాలామందికి ఈ జబ్బు రాదు. నెత్తురులో కాండిడా వున్నట్టు పరీక్షలో తేలినవారికి మొదటి వారంలోనే కంటి పరీక్ష చేయాలని అమెరికాలోని అంటురోగాల నిపుణులు 2016లో సూచించారు. బాధలేమీ లేనివారికి అందరికీ అక్కరలేదని అక్కడి కంటి డాక్టర్ల సంఘం ఆ తరువాత అభిప్రాయపడింది. చూపులో తేడా వున్నవారికి వెంటనే చేయాలన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

నందివర్ధనం పూలు పెట్టమంటున్నారు. తల్లిపాలు వేయమంటున్నారు.

పూలు చల్లగా వుంటాయి, నిజమే. కాని బూజు వున్నది కంటి లోపల. పైన ఏది పెట్టినా అక్కడికి చేరదు. పైగా ఆకు పసర్లు, పాలు, ఆముదం కొత్త సూక్ష్మజీవులను తెచ్చిపెట్టవచ్చు. కంట్లో ఏమీ పోయవద్దు.

శుక్లం ఆపరేషను అయింది. నాకూ వస్తుందా?

అది వేరే దారి. అరుదు. అయితే శుక్లం ఆపరేషను తరువాత బాగుపడిన చూపు మళ్ళీ మసకేసినా, కన్ను ఎర్రబడి నొప్పి చేసినా, ఆపరేషను చేసిన డాక్టరుకు ఆ రోజే చూపించండి.

మీరు చెప్పవలసిన ఒక్క మాట

ఆస్పత్రి నుంచి యింటికి పంపేటప్పుడు యిచ్చే డిశ్చార్జి కాగితం పారేయకండి. బిల్లులతో కలిపి చుట్టచుట్టి అటకమీద పెట్టకండి. ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, మందుల డబ్బా పక్కన వుంచండి. ఆ తరువాత మూడు నెలలపాటు ఏ డాక్టరు దగ్గరకు, ఏ జబ్బుకు వెళ్ళినా అది వెంట తీసుకువెళ్ళండి. యింట్లోవారు వారానికోసారి రోగిచేత ఒక్కొక్క కన్నూ మూయించి కేలండరు చదివించండి. ముసలివారు తమంతట తాము చెప్పరు. "వయసు మీద పడింది, కనపడదులే" అని సర్దుకుపోతారు.

కంటి డాక్టరు ఎదుట కూర్చోగానే, ఆయన అడిగినా అడగకపోయినా, ఈ మాట చెప్పండి: "డాక్టరుగారూ, నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఆస్పత్రిలో వున్నాను. నరానికి సెలైన్ పెట్టారు. ఈ మందులు వాడారు. తరువాత ఇన్ని రోజులకు చూపు మసకేసింది." చెప్పడానికి అర నిమిషం పట్టదు. చావు తప్పించుకుని యింటికి వచ్చిన మనిషి కన్ను కూడా దక్కించుకోవడానికి ఆ అర నిమిషమే ఆధారం కావచ్చు.